నల్లరాతి పలక వెంట ఆరు రోజులు

మొదటి రోజు: ఎడిన్‌బరో

సిల్ అనే మాటను భూగర్భశాస్త్రానికి ఇచ్చింది పండితులు కాదు, ఉత్తర ఇంగ్లండులో గనులు, రాతి క్వారీలు తవ్వినవాళ్లు. అడ్డంగా పరుచుకొని ఉన్న రాతిపొరను వాళ్లు సిల్ అనేవారు. నల్లగా ఉండి ఉలికి ఒక పట్టాన లొంగని రాయిని విన్ అనేవారు. రెండూ కలిసి అక్కడి నల్లరాతి పలకకు విన్ సిల్ అనే పేరు అయింది. తరువాత ప్రపంచంలో ఎక్కడైనా సరే, పొరల రాళ్ల మధ్యకు శిలాద్రవం పలకలాగా చొచ్చుకొనిపోయి గడ్డకడితే దానికి సిల్ అనే పేరే స్థిరపడింది. ఆ పేరు పుట్టిన నేలను కాలినడకన చూడాలని 2017 మే నెలలో ఆరు రోజులు కేటాయించుకొని బయలుదేరాను. సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు వెంట వచ్చాడు. నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న ఒక్కటే: లోతులోనుంచి పైకి తన్నుకొస్తున్న శిలాద్రవం నడిమధ్యలో ఎందుకు అడ్డం తిరుగుతుంది?

విన్ సిల్ కంటే ముందు స్కాట్లండు రాజధానిలో ఒక మజిలీ తప్పదనిపించింది. ఎడిన్‌బరో హోలీరూడ్ పార్కులో ఉన్న సాలిస్‌బరీ క్రాగ్స్ కూడా 30 కోట్ల ఏళ్లకు పైబడిన సిల్లే. పడమటి ముఖం కోసినట్టుగా 40 మీటర్లకు పైగా నిలువున లేచి ఉంటుంది, తూర్పువైపు మాత్రం ఏటవాలుగా దిగిపోతుంది. గోడ అడుగున సాగే బాటను 1820ల ప్రాంతంలో పని దొరకని నేతగాళ్లతో వేయించారు. మేము చూసి వచ్చిన మరుసటి ఏడే, పైనుంచి రాళ్లు విరిగిపడటంతో ఆ బాటను మూసివేశారు. దక్షిణపు కొసన భూగర్భశాస్త్రవేత్త జేమ్స్ హటన్ పేరుతో పిలిచే చోటు ఉంది. చూడటానికి వచ్చినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది నల్లగోడను తలెత్తి చూసి ఫొటో తీసుకొని వెళ్లిపోతున్నారు. చూడవలసింది గోడ పాదం దగ్గర, మోకాలి ఎత్తులో ఉంది.

అక్కడ కింద ఇసుకరాయి, మెత్తని షేల్ (బురద గట్టిపడిన రాయి) పొరలు జానెడు, బెత్తెడు మందాన పేర్చినట్టు ఉన్నాయి; వాటిమీద నల్లరాయి కూర్చొని ఉంది. కొంతదూరం ఆ రెంటి హద్దు ఒకే పొర వెంబడి బుద్ధిగా నడుస్తుంది. ఆ తరువాత ఉన్నట్టుండి నల్లరాయి ఒక పొరను తెగగోసి కిందికి దిగుతుంది. తెగిన పొర కొసను, చాప అంచు కిందికి చెయ్యి దూర్చి లేపినట్టుగా, పైకి వంచి తన ఒంట్లో ఇముడ్చుకుంటుంది. భూతద్దం పెట్టి చూశాను. హద్దును ఆనుకున్న నల్లరాతిలో రేణువు అనేదే కనిపించదు, కాటుక ముద్దలాగా ఉంటుంది. పైకి జరిగేకొద్దీ మొదట చుక్కలు మెరుస్తాయి, తరువాత నువ్వుగింజంత స్ఫటికాలు విడివిడిగా తెలుస్తాయి. చల్లని రాతిని తాకిన అంచు చటుక్కున గడ్డకట్టి స్ఫటికాలకు ఎదిగే వ్యవధి ఇవ్వలేదు. లోపలి భాగం నిదానంగా చల్లారింది.

"మామయ్యా, ఇది అతికించినట్టు లేదు, దూర్చినట్టు ఉంది" అన్నాడు మా వాడు. 18వ శతాబ్దంలో జరిగిన పెద్ద తగవు సారం అదే. జర్మనీలో భూగర్భశాస్త్రం బోధించిన వెర్నర్ శిష్యవర్గం ఇటువంటి నల్లరాళ్లు కూడా ఒకప్పటి సముద్రంలో పేరుకున్న పొరలే అని బోధించేది. నీటిలో నెమ్మదిగా దిగిన మడ్డి అడుగు పొరను వంచి పైకెత్తలేదు కదా అన్నది ఇటువంటి చోట్లు చూసినవాళ్ల వాదన. 1785లో ఎడిన్‌బరో రాయల్ సొసైటీ ఎదుట హటన్, భూమి లోపలి వేడే రాళ్లను మలుస్తుందన్న తన సిద్ధాంతాన్ని చదివాడు. ఆయన స్నేహితుడు సర్ జేమ్స్ హాల్ ఈ నల్లరాతిని కొలిమిలో కరిగించి, గబుక్కున చల్లారిస్తే గాజు అవుతుందనీ, తీరుబడిగా చల్లారిస్తే మళ్లీ స్ఫటికాల రాయే అవుతుందనీ 1798లో చూపించాడు. అప్పటికి హటన్ కన్నుమూసి ఏడాది దాటింది.

నా అపోహ ఒకటి కూడా ఆ రోజే తొలగింది. పొరల మధ్య సందు ఉంటుందనీ, శిలాద్రవం ఆ సందులోకి పారుతుందనీ ఎందుకో మనసులో ఉండిపోయింది. ఒక కిలోమీటరు లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు 250 కిలోల బరువు ఉంటుంది. అక్కడ తెరిచి ఉన్న సందు అనే మాటకే అర్థం లేదు. సిల్ తన చోటు తానే చేసుకోవాలి, అంటే పైకప్పును ఎత్తాలి.

రెండో రోజు: హోలీ ఐలండ్

రైల్లో సరిహద్దు దాటి ఇంగ్లండు ఈశాన్య తీరానికి వచ్చాము. హోలీ ఐలండ్‌కు వెళ్లే రోడ్డును రోజుకు రెండుసార్లు సముద్రం ముంచెత్తుతుంది. పోటు వేళల పట్టికను నేనే తప్పుగా చదివాను, ఒడ్డున కొన్ని గంటలు కూర్చోవలసి వచ్చింది. ఆ కాలమంతా మా వాడి ప్రశ్నలతోనే గడిచింది.

దీవిలో కోట నిలబడిన గుట్ట సిల్ కాదు, డైక్. పొరలను అడ్డంగా తెగగోస్తూ నిలువుగా లేచిన గోడ అది. ఏకధాటిగా కాక, ముక్కలు ముక్కలుగా, ఒకదానికొకటి కాస్త పక్కకు జరిగి ఉంటుంది. విన్ సిల్ కుటుంబంలోదే. సిల్‌కు మేత అందించిన దారులు ఇటువంటి డైకులే అనుకోవడానికి బలమైన ఆధారాలు ఉన్నాయి.

శిలాద్రవం పైకి ఎందుకు వస్తుందన్నది తేలిక లెక్కే. చుట్టూ ఉన్న రాయి ఘనపు మీటరుకు 2,800 కిలోలు తూగి, శిలాద్రవం 2,700 కిలోలు తూగితే, 20 కిలోమీటర్ల ఎత్తున్న ద్రవస్తంభం కొసన ఆ తేడా ఒక్కటే చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోల అదనపు ఒత్తిడిగా తేలుతుంది. ఆ ఒత్తిడి రాతిని చీలుస్తుంది. చీలిక ఎటు తెరుచుకుంటుందన్నది మాత్రం శిలాద్రవం చేతిలో లేదు. రాతిని అన్నివైపులనుంచీ ఏదో ఒక బలం నొక్కుతూనే ఉంటుంది. ఏ దిశలో నొక్కుడు అన్నిటికంటే తక్కువో ఆ దిశలోనే చీలిక నోరు తెరుస్తుంది. పక్కల నొక్కుడు తక్కువైతే గోడలు పక్కలకు జరిగి డైక్ ఏర్పడుతుంది. పైనుంచి పడే బరువే తక్కువైతే కప్పు లేచి సిల్ ఏర్పడుతుంది. భూమి పై భాగంలో చాలాచోట్ల మొదటిదే నడుస్తుంది, అందుకే శిలాద్రవం సహజంగా నిలువుదారి పడుతుంది. దాన్ని అడ్డం తిప్పాలంటే ఏదో జరగాలి.

"అంత బరువు ఎలా లేచింది మామయ్యా? వంద మీటర్ల మేర లేపినా కొండను మోసినట్టే కదా" అన్నాడు.

"నువ్వే చెప్పాలి నాయనా, హైడ్రాలిక్ జాకీ పాఠం చదివింది నువ్వు" అన్నాను.

కాసేపు ఇసుకలో గీతలు గీసి వాడే తేల్చాడు. ద్రవంలో ఒత్తిడి అన్నివైపులా ఒకటే. పరుచుకున్న విస్తీర్ణం పెరిగేకొద్దీ ఎత్తే బలమూ పెరుగుతుంది. పైబరువు కంటే ద్రవపు ఒత్తిడి కాస్త మించితే చాలు, పల్చగా, కాగితం దూర్చినట్టుగా మొదలైన పలక, వైశాల్యం సంపాదించుకున్నాక, కప్పును నెమ్మదిగా ఎత్తుకుంటూ లావెక్కుతుంది. విన్ సిల్‌కు ఉన్న 30 మీటర్ల మందం మొదటినుంచీ ఉన్నది కాదు, సంపాదించుకున్నది. నిజానికి పాఠ్యపుస్తకాల్లో బొమ్మలు చూసి చాలామంది పొరబడేది ఇక్కడే.

మూడో రోజు: బాంబరో తీరం

బాంబరో కోట విన్ సిల్ గుట్టమీద ఉంది. ఎదురుగా సముద్రంలో కనిపించే ఫార్న్ దీవులూ ఆ రాయే. పక్షుల కోసం పడవల్లో వెళ్లేవాళ్ల వరుసను దాటుకొని మేము కోటకు ఉత్తరాన హార్కెస్ రాక్స్ అనే తీరపు రాళ్లమీదికి వెళ్లాము.

సముద్రం తగ్గిన వేళ అక్కడ సిల్ పైభాగం దగ్గరి రాయిమీదే నడవవచ్చు. రెండు వస్తువులు నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. ఒకటి, నల్లరాతి మధ్యలో చిక్కుకుపోయిన లేత రంగు ఇసుకరాతి, సున్నపురాతి పలకలు. శిలాద్రవం పొరలను విడదీసినప్పుడు ఊడివచ్చి, అందులోనే మునిగి కాలిన ముక్కలవి. రెండోది మరీ వింత. కొన్నిచోట్ల నల్లరాతి ఉపరితలం పేనిన తాళ్లు పక్కపక్కన పేర్చినట్టు ముడతలు పడి ఉంది. అటువంటి ముడతలు నేలమీద పారిన లావాకు ఉండేవని చదువుకున్నాను. భూగర్భంలో గడ్డకట్టిన రాయికి అవెక్కడివి? సంగతేమిటంటే, శిలాద్రవంలో కరిగి ఉన్న వాయువులు విడివడి పైభాగంలో చదునైన పెద్ద బుడగలుగా చేరాయి. ఆ బుడగల లోగోడమీద సగం గడ్డకట్టిన పొర, కింద కదులుతున్న ద్రవంతో పాటు ఈడ్చుకుపోయి ముడతలు పడింది. వేలితో ఒక ముడతను తడిమితే వంపు ఏ వైపుకో తెలుస్తుంది, అంటే ద్రవం ఎటు పారిందో తెలుస్తుంది. తాళ్లు కనిపించినంత మాత్రాన లావా అని తీర్పు చెప్పేయకూడదు.

ఇక అడ్డం తిరగడం సంగతి. ప్రయోగశాలల్లో దీన్ని గాజుతొట్టిలో పోసిన జెలటిన్‌తో పరీక్షించారు. కింద ఒక పొర, మీద మరో పొర పోసి, అడుగునుంచి రంగునీళ్లు ఎక్కించారు. 2006లో ప్రచురించిన అటువంటి ప్రయోగాల్లో, పైపొర కిందిదానికంటే బిగుతుగా ఉన్నప్పుడే నిలువుగా వస్తున్న చీలిక రెండు పొరల హద్దు దగ్గర ఆగి పక్కలకు పరుచుకుంది. పైపొర మెత్తనిదైతే చీలిక హద్దును లెక్కచేయకుండా పైకి పోయింది. మెత్తని షేల్‌లో ఎదిగివచ్చిన చీలిక గట్టి సున్నపురాతి పలక అడుగుకు చేరినప్పుడు జరిగేది కూడా ఇదే తరహా. గట్టిపొర దగ్గర బలాల దిశ మారుతుంది, చీలిక కొసకు పైన దారి కష్టమవుతుంది. మరోవైపు రెండు రాళ్ల అతుకు బలహీనమైనదైతే, చీలిక ఇంకా చేరకముందే దాని ముందున్న లాగుడుకు అతుకు కాస్త విచ్చుకుంటుంది. ఒక్కసారి అందులో అడుగుపెడితే శిలాద్రవానికి ముందుకు సాగడం సులువు. నేను ఇన్నాళ్లూ శిలాద్రవాన్ని కథానాయకుడిని చేసి చూశాను. తీర్పు ఇచ్చేది దానిని మోస్తున్న పొరలు. శిలాద్రవం ఎంత బలంగా తన్నినా పలక ఎక్కడ పడాలో అవే చెబుతాయి.

నాలుగో రోజు: హేడ్రియన్ గోడ

స్టీల్ రిగ్ దగ్గర మొదలుపెట్టి హౌస్‌స్టెడ్స్ దాకా విన్ సిల్ శిఖరం మీదే నడిచాము. పొరలన్నీ దక్షిణానికి వాలి ఉండటంతో, సిల్ ఉత్తరపు ముఖం నిటారుగా నిలిచి, వీపు దక్షిణంగా ఏటవాలుగా దిగుతుంది. క్రీ.శ. 122లో రోమన్లు గోడ మొదలుపెట్టినప్పుడు సగం పని ప్రకృతే చేసిపెట్టింది. దారిలో ఒక వంపులో ఒంటరిగా నిలిచిన సికమోర్ చెట్టు కింద ఆగాము. ఆ వంపు మంచుయుగపు కరుగునీరు సిల్‌ను కోసిన గాడి. 2023 సెప్టెంబరులో ఒక రాత్రి ఆ చెట్టును రంపంతో నరికేశారని విన్నప్పుడు, నా దగ్గర ఉన్న ఫొటోను మళ్లీ తీసి చూసుకున్నాను.

ఇక్కడి నడకలో పటం చేతిలో ఉండాలి. కంటికి సిల్ ఒకే పొరలాగా చాలా క్రమశిక్షణతో ఉన్నట్టు కనిపిస్తుంది. పటంమీద దాని పైనా కిందా ఉన్న సున్నపురాతి పొరల పేర్లు చూసుకుంటూ పోతే, అది కొంతదూరం ఒక పొర వెంబడి నడిచి, ఉన్నట్టుండి మెట్టెక్కి మరో పొర వెంబడి సాగుతుందని తేలుతుంది. ప్రాంతం మొత్తం మీద ఈ ఎత్తు తేడా వందల మీటర్లు. విలియం టాప్లే, జార్జ్ లెబూర్ అనే ఇద్దరు ఈ మెట్లను ఓపికగా పటానికెక్కించి, విన్ సిల్ పారి పరుచుకున్న లావా కాదనీ, తరువాత చొచ్చుకువచ్చినదేననీ 1877లో నిరూపించారు. లావా అయితే తనకంటే పైనున్న పొరలోకి మెట్టెక్కి పోలేదు. దానిమీద పడిన పొర కాలి ఉండదు. సిల్ మాత్రం తన పరుపునూ కాలుస్తుంది, దుప్పటినీ కాలుస్తుంది. విచిత్రంగా ఆ ఏడాదే అమెరికాలో గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్, యూటాలోని హెన్రీ పర్వతాల మీద తన నివేదికను వెలువరించాడు; పలకలాగా దూరిన శిలాద్రవం కప్పును గుమ్మటంలా ఉబ్బించిన లాకోలిత్‌లను వివరించింది అందులోనే.

మెట్లెందుకు? పలక ముందంచు ఒక సరళరేఖలాగా కదలదు. చేతివేళ్లలాగా విడివిడి పాయలుగా దూసుకుపోతుంది. ఒక వేలు ఒక అతుకును, పక్కవేలు కాస్త ఎత్తున మరో అతుకును పట్టుకుంటుంది; లావెక్కుతూ రెండూ కలిసినప్పుడు మధ్యలో ఉన్న రాతివంతెన విరిగి మెట్టు మిగులుతుంది. ఇది చిన్న మెట్ల సంగతి. పెద్ద ఎక్కుడుకు కారణం వేరు. పలక వెడల్పు దాని లోతుతో పోల్చదగినంత అయ్యేసరికి, పైకప్పు వంగి లేవడం మొదలుపెడుతుంది. ఆ వంపు పలక అంచుల దగ్గర బలాలను తారుమారు చేసి చీలికను పైకి వంచుతుంది. నడుమ చదునుగా, అంచులు పైకి లేచి సాసరు ఆకారం వస్తుంది. దక్షిణాఫ్రికాలోని కరూ మైదానంలో 18 కోట్ల ఏళ్లనాటి డోలరైట్ (విన్ సిల్‌ది కూడా ఈ నల్లరాయే) సాసర్లు నేలమీదే వలయాలుగా కనిపిస్తాయి. నార్వే తీరం వెలుపల సముద్రం అడుగున ఉన్నవాటిని చమురు వెతికేవాళ్ల ధ్వనితరంగాల చిత్రాలు బయటపెట్టాయి. బలహీనమైన అతుకు దొరికింది కాబట్టి దాని వెంబడే పోయింది అనే వివరణ సగమే నిజమని ఒప్పుకోవడానికి నాకు ఈ నాలుగో రోజు దాకా పట్టింది.

ఐదో రోజు: టీస్‌డేల్

విన్ సిల్ కనీసం 4,000 చదరపు కిలోమీటర్ల మేర నేలకింద పరుచుకొని ఉంది. వయసు సుమారు 29.5 కోట్ల ఏళ్లు. చాలాచోట్ల మందం 30 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, ఎగువ టీస్‌డేల్‌లో 70 మీటర్లు దాటుతుంది. హై ఫోర్స్ దగ్గర టీస్ నది ఆ నల్లరాతి మెట్టుమీదినుంచి 21 మీటర్లు దూకుతుంది. నీళ్ల పక్కన గోడను చూస్తే పైన నిలువు కంబాల డోలరైట్, అడుగున పల్చటి అడ్డపొరల రాళ్లు, ఎవరో గీతగీసి వేరుచేసినట్టు ఉంటాయి. కింది పొరలు ముందుగా అరిగి, పై కంబాలు ఆధారం తప్పి విరిగిపడటం వల్ల జలపాతం యుగయుగాలుగా వెనక్కి జరుగుతూ వచ్చింది. కంబాలు నిలువుగా ఉండటానికి కారణం, చల్లారే రాయి కుంచించుకుపోతూ, వేడి బయటికి పోయే ముఖానికి లంబంగా పగలడం. సిల్ చల్లారేది పైకీ కిందికీ, కాబట్టి కంబాలు నిలబడతాయి. డైక్ పక్కలకు చల్లారుతుంది, కాబట్టి దానిలో అవి కట్టెల మోపులాగా అడ్డంగా పడుకుంటాయి.

చల్లారే లెక్క మా వాడికి బాగా నచ్చింది. పలక మందం రెట్టింపైతే గడ్డకట్టే కాలం నాలుగింతలవుతుంది. మీటరు మందపు పలక నడుమ గడ్డకట్టడానికి ఐదారు రోజులు చాలు. 30 మీటర్లకు ఒక పుష్కరం కావాలి. 60 మీటర్లకు అర్ధశతాబ్దం. ఇందులో ఇంకో కిటుకు ఉంది. కాగితంలా మొదలైన పలక అలాగే తాపీగా ముందుకు పాకితే దారిలోనే గడ్డకట్టిపోవాలి. అది అంత దూరం పరుచుకుందంటే, వెనుకనుంచి వేడి సరఫరా ఆగకుండా వచ్చి ఉండాలి, ముందంచు చకచకా సాగి ఉండాలి, లావెక్కడమూ త్వరగానే మొదలై ఉండాలి.

మధ్యాహ్నం విడ్డీబ్యాంక్ ఫెల్ ఎక్కాము. ఇక్కడ సిల్ తాకిడికి సున్నపురాయి ఎన్నో మీటర్ల మేర ఉడికి, గట్టి చలువరాయిగా కాక, రేణువులు విడివడే ముతక పాలరాయిగా మారింది. ఇక్కడివాళ్లు దీన్ని పంచదార సున్నపురాయి అంటారు. బాట పక్కన రాలిపడిన గుప్పెడు తీసి నలిపితే వేళ్ల సందులనుంచి జారిపోయింది, అరచేతిలో తళుకు మిగిలింది. ఈ పొడి నేలలోనే, గడ్డిలో దాక్కున్నట్టు, వసంత జెన్షియన్ పూలు విచ్చుకొని ఉన్నాయి. గోటికంటే కాస్త పెద్దవి, అంత ముదురు నీలం నేను ఇంకే పూవులోనూ చూడలేదు. ఇంగ్లండులో ఇవి సహజంగా పూసేది ఈ పరిసరాల్లోనే. 1960లలో పక్కనే కౌ గ్రీన్ జలాశయం కట్టబోయినప్పుడు వృక్షశాస్త్రజ్ఞులు ఈ నేల కోసమే గట్టిగా పోరాడి ఓడిపోయారు, కొంతభాగం నీటిపాలైంది.

అదే వేడికి షేల్ కరకరలాడే గట్టిరాయిగా మారింది. ఎదురుదెబ్బ కూడా ఉంది: కొన్నిచోట్ల, చల్లారాక పగుళ్లలోకి చేరిన బొగ్గుపులుసు వాయువు కలిసిన వేడినీరు డోలరైట్‌నే మార్చివేసి, నల్లరాతిని తెల్లబార్చింది. గనివాళ్లు దానికి వైట్ విన్ అని పేరు పెట్టుకున్నారు. పేర్లు పెట్టడంలో వాళ్లకు సాటి లేదు.

ఆరో రోజు: హై కప్ నిక్

పొద్దున్నే కౌ గ్రీన్ ఆనకట్ట కిందినుంచి కాల్డ్రన్ స్నౌట్ పక్కన దిగాము. అక్కడ టీస్ నది సిల్ మెట్లమీద తెల్లగా దొర్లుకుంటూ పోతుంది. తడిరాళ్లమీద నేను ఒకసారి జారి మోచెయ్యి గీసుకున్నాను. ఆపైన చిత్తడి నేలలో, సున్నపురాతి గుంతల మధ్యగా పడమటికి మూడు గంటలు నడిచేసరికి మబ్బు కిందికి దిగింది. హై కప్ నిక్ అంచుకు చేరామని పటం చెబుతోంది, ఎదురుగా మాత్రం బూడిదరంగు తప్ప ఏమీ లేదు. రాతిమీద కూర్చున్నాము. రెండు గంటలకు దగ్గరపడుతుండగా కిందినుంచి గాలి లేచి మబ్బును చీల్చింది.

ఒక్కసారిగా కాళ్లకింద లోయ తెరుచుకుంది. హిమానీనదం గుండ్రటి అడుగుతో తవ్వి వదిలిన లోయ, నైరుతి దిక్కున మైదానంలోకి దిగిపోతోంది. దాని రెండు అంచుల వెంబడీ, పైకొసకు కొద్దిగా దిగువన, నల్లకంబాల పట్టీ ఒకే మట్టంలో వంపు తిరిగి ఉంది. కింద రాలిన రాళ్ల ఏటవాలు. ఆ పట్టీని ఎదురుగా చూస్తే పలక అన్న మాటకు అర్థం తెలుస్తుంది: ఈ గట్టునా ఆ గట్టునా కనిపిస్తున్నది ఒకే రాయి, నడుమ భాగాన్ని మంచు ఎత్తుకుపోయింది.

మా వాడు చాలాసేపు చూసి, "అన్నీ బాగానే ఉన్నాయి మామయ్యా, ఇది ఎత్తిందన్న కప్పు ఏది?" అన్నాడు.

నేను వెనక్కి తిరిగి మేము వచ్చిన దారి చూపించాను. నల్లపట్టీకి పైన, గడ్డికింద, సున్నపురాయి మెట్లు మెట్లుగా కొండ మీదికి పోతోంది. కొన్ని గంటలుగా మేము దిగబడుతూ వచ్చిన ఆ గుంతలన్నీ ఆ సున్నపురాతివే. వాడు లేచి నాలుగడుగులు వెనక్కి వేసి, బూటు మడమతో నేలను రెండుసార్లు తట్టాడు.